కొత్త అమావాస్యకు చేరే కబుర్లు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఏడాది ఆఖరి కబుర్లకు రెండు వేళలున్నాయి. ఒకటి డిసెంబరు 31 రాత్రి, చర్చిల్లో. రెండోది ఫాల్గుణం చివర వచ్చే కొత్త అమావాస్య, దాని మర్నాటి ఉగాది. కోడుమూరు, గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి, కౌతాళం వైపు ఎక్కువ ఇండ్లకు అసలైన ఏడాది ఆఖరు ఈ రెండోదే. ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరి సంబంధం కుదిరింది, ఎవరి బాకీ తీరింది, ఎవరు మంచాన పడ్డారు అన్నవన్నీ అందరూ ఒక అరుగు మీద కూర్చుని చెప్పుకునేది అప్పుడే.

ఇందుకు కారణం సుగ్గి. ఈ ప్రాంతం వానలు తక్కువ పడే నేల. కోడుమూరు పక్కనే హంద్రీ పారుతుంది, దాని మీద గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది, ఆదోని వైపు తుంగభద్ర దిగువ కాలువ ఉంది. అయినా మెట్ట పొలాలే ఎక్కువ. వేరుశనగ, పత్తి, ఉల్లి, ఆముదం, కంది లాంటి ఖరీఫ్ పంటలు చేతికొచ్చాక ఊర్లో పని ఉండదు. వాన ఎగ్గొట్టిన ఏడాదైతే దసరా దాటకముందే పని అయిపోతుంది. అప్పుడు కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు, తెలంగాణ జిల్లాలకూ బయలుదేరతాయి. ముందు పత్తి తీతలు, ఆ తర్వాత మిరపకాయ కోతలు. వయసు పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ కట్టడాల పనులకు పోతారు. ఈ పోకకే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. ఇంటి తలుపుకు తాళం పడుతుంది, లేదా ముసలివాళ్లు కాపలా ఉంటారు. బడి మానకుండా కొందరు పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తున్నాయి. మిగిలిన పిల్లలు తల్లిదండ్రులతో పాటే పొలం గట్టు మీది గుడారానికి చేరతారు. ఒకే ఇంటి మనుషులు నాలుగైదు నెలలు మూడు చోట్ల బతకాల్సి వస్తుంది కాబట్టే ఇక్కడ కబురుకు అంత విలువ.

డిసెంబరు వచ్చేసరికి సగం ఊరు ఊర్లో ఉండదు. ఉన్నవాళ్లకు క్రిస్మస్, దాని వెంట ఆ నెల చివరి రాత్రి ఆరాధన పెద్ద పండుగలు. ఈ సీమలో క్రైస్తవం పాతదే. లండన్ మిషన్ వాళ్లు 1810లోనే బళ్లారి చేరారు. ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టుల బడులూ చర్చిలూ వెలిశాయి, 1967లో కథోలిక డయోసిస్ ఏర్పడింది. పల్లె చర్చిలో 31 రాత్రి జరిగే ఆరాధనను వాచ్ నైట్ అనే పిలుస్తారు. ఈ పద్ధతిని 18వ శతాబ్దంలో మొరేవియన్లు మొదలుపెట్టగా, జాన్ వెస్లీ మెథడిస్టుల్లోకి తెచ్చాడు. అమెరికాలోని నల్లజాతి చర్చిలకు ఈ రాత్రి మరీ ముఖ్యం. 1862 డిసెంబరు 31న వాళ్లు మేలుకుని ఎదురుచూసింది మర్నాడు అమల్లోకి రానున్న బానిసల విముక్తి ప్రకటన కోసం.

తెలుగు పల్లెలో ఆ రాత్రికి మరో పని కూడా ఉంది. పాటలు, ప్రసంగం మధ్యలో సాక్ష్యాలకు సమయమిస్తారు. ఒక్కొక్కరే లేచి ఏడాదిలో తమ ఇంట్లో జరిగింది చెబుతారు. ఆపరేషన్ గండం గడిచింది, కోడలికి కాన్పు సుఖంగా అయింది, పిల్లవాడికి ఐటీఐలో సీటొచ్చింది, గుంటూరు పోయినవాళ్లు క్షేమంగా ఉన్నారు. ఎవరికీ రెండు మూడు నిమిషాలు మించవు. మాట తడబడితే ముందు వరుసలోంచి ఎవరో ‘స్తోత్రం’ అని అందుకుంటారు. కాలం సాగుతుంటే పాస్టరు గడియారం వంక చూస్తాడు. పన్నెండు దాటాక కొత్త సంవత్సరానికి వాగ్దాన వాక్యం అచ్చువేసిన కార్డు చేతికిస్తారు. అది ఏడాది పొడుగునా బీరువా అద్దానికో, గోడకో అంటుకుని ఉంటుంది. ఒక ఊరి మనుషులు తమ ఇంటి సంగతులను నలుగురిలో, వరుసగా, ఎవరూ అడ్డుపడకుండా చెప్పుకునే ఇలాంటి ఏర్పాటు వేరే చోట అరుదు. అయితే ఆ వేళకు ఎక్కువ కుటుంబాలు సుగ్గిలో ఉంటాయి గనుక సాక్ష్యాల్లో సగం ఊర్లో లేనివాళ్ల తరఫున చెప్పేవే.

ఊర్లో లేనివాళ్ల కబురు ఒకప్పుడు తపాలాలో వచ్చేది. మన దేశంలో పోస్టు కార్డు 1879లో కాలణా ధరతో మొదలైంది. మరుసటి ఏడాదే తపాలా శాఖ మనియార్డర్లు తెచ్చింది. ఇన్‌లాండ్ లెటరు 1950లో వచ్చింది. వలస ఇండ్లకు ఈ మూడింటిలో ముఖ్యమైనది మనియార్డరే. ఫారం కింది భాగంలో నాలుగు ముక్కలు రాసుకునేందుకు చోటుండేది. డబ్బు ఇచ్చాక పోస్టుమ్యాను ఆ ముక్క చింపి ఇచ్చేవాడు, చదువు రాని ఇంట్లో తానే చదివి వినిపించేవాడు. ఇంత చిన్న చోటులో పట్టేది ఎంత? ‘క్షేమం. ఎద్దును అమ్మొద్దు. ఉగాదికి వస్తాం.’ పెద్ద జాబులైతే ‘ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము’ అని మొదలయ్యేవి. శుభవార్త మోసే కార్డుకు మూలల్లో పసుపు ఉండేది. చావు కబురు తెచ్చిన కార్డును చదివిన వెంటనే చింపేసేవారు, ఇంట్లో దాచేవారు కాదు. టెలిగ్రాం అంటే గుమ్మంలోనే ఏడుపు మొదలు. ఆ టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది. పాత పద్ధతి మనియార్డరు 2015లో ముగిసింది.

తర్వాత ఎస్టీడీ బూత్‌లు, ఆపైన సెల్‌ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు మిరప చేను గట్టు మీద నుంచే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వస్తుంది. రాయడం, చదవడం రానివాళ్లకు ఇది నిజంగా మేలు చేసింది. మధ్యలో జాబు రాసిపెట్టేవాడు అక్కర లేదు, ఇంటి గుట్టు పోస్టుమ్యానుకు తెలియనక్కర లేదు. పండుగ బొమ్మలు, పూలగుత్తుల శుభాకాంక్షలు తెల్లవారకముందే గుంపులు గుంపులుగా వచ్చిపడతాయి, వాటిని చదివేవాళ్లు తక్కువ. ఫోనులో పుట్టుక చెబుతారు, చావు చెబుతారు, జ్వరం చెబుతారు. కానీ అప్పు ఎంత మిగిలిందో, పిల్లకు వచ్చిన సంబంధం మంచిదో కాదో, అన్నదమ్ముల మధ్య గట్టు తగాదా ఎటు తేలిందో ఫోనులో తేల్చరు. అవి ఎదురెదురుగా కూర్చుంటే తప్ప తెగవు.

జనవరిలో ఒక చిన్న మజిలీ ఉంది. సంక్రాంతికి కోస్తాలో ఉన్నంత సందడి ఇక్కడ ఉండదు. ఆ సందడంతా పుష్య పౌర్ణమికి జరిగే ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు వస్తుంది. మగ్గాల పని ఉన్న చేనేత కుటుంబాలు సుగ్గికి పోవు, అందుకే జాతరకు ఇండ్లు కళకళలాడతాయి. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. ఆ ఊరికి చేనేత ఊరన్న పేరు నిలబడటంలో దాని పాత్ర పెద్దది. పశువుల సంతలో ఎద్దుల బేరం సాగుతుండగానే పెళ్లి మాటలూ సాగుతాయి. రాయచూరు, బళ్లారి చుట్టాలు కూడా వస్తారు. రాష్ట్ర సరిహద్దు ఇక్కడి వియ్యాలను ఆపలేదు.

ఇక ఉగాది. పాత కాలంలో రైతు ఇంటి జీతగాడి లెక్క ఉగాది నుంచి ఉగాదికే. పొలం గుత్త గడువూ చాలాచోట్ల అంతే. ఏడాది లెక్కలు ముగిసే రోజు కాబట్టి ఇంటికి రావాల్సిన రోజూ అదే అయింది. సుగ్గికి తీసుకెళ్లిన మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు పోను మిగిలింది చేతికొస్తుంది. ఇంటికి రాగానే ఆ డబ్బు ఒక వంతు వడ్డీకి, ఒక వంతు దుకాణం బాకీకి, ఇంకొకటి విత్తనాలకు విడిపోతుంది. మిగిలితేనే కొత్త బట్టలు.

కొత్త అమావాస్య నాడు ఇల్లు అలికి, సున్నం పూసి, గుమ్మాలకు మామిడాకులు కడతారు. భక్ష్యాలకు పప్పు ఉడికించిన కట్టుతోనే చారు కాస్తారు, పూర్ణంలోంచి కాస్త తీసి అందులో కలుపుతారు. కన్నడ గాలి తగిలే ఇండ్లలో ఉగాది పచ్చడికి బదులు వేపపువ్వు, బెల్లం కలిపి నోట్లో వేసుకోవడమూ ఉంది. ఆ ఏడాది చావు జరిగిన ఇంట్లో పొయ్యి మీద భక్ష్యం పెనం ఎక్కదు. పలకరింపులు ముందు ఆ ఇంటి నుంచే మొదలవుతాయి, తర్వాతే మిగతా ఇండ్లు. సుగ్గిలో ఉండి చివరి చూపుకు రాలేకపోయినవాళ్లు చేసే పని అదొక్కటే. తర్వాత గుడి దగ్గర పంచాంగ శ్రవణం. సముద్రంలో ఎన్ని పాళ్లు, కొండల మీద ఎన్ని పాళ్లు, నేల మీద ఎన్ని పాళ్లు వాన అని అయ్యవారు చదువుతుంటే రైతులు మూడోదానికే చెవి పెడతారు. ఆదాయ వ్యయాల లెక్కలో వ్యయం ఎక్కువొచ్చిన రాశివాళ్లను పక్కవాళ్లు ఆట పట్టిస్తారు.

ఉగాది మర్నాడు ఆస్పరి మండలం కైరుప్పలలో పిడకల సమరం. వీరభద్రస్వామికీ కాళికాదేవికీ ప్రేమ వివాహం విషయంలో తగవు వచ్చిందన్న కథను పట్టుకుని ఊరు రెండుగా చీలి పిడకలు రువ్వుకుంటుంది. గాయాలకు గుడి విభూతి రాసుకుంటారు, తర్వాత దేవుళ్లకు కల్యాణం జరుగుతుంది. కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో చౌడేశ్వరి గుడి చుట్టూ బురదలో గాడిదలను తిప్పుతారు. ఉగాదికి ముందు వారాల్లోనే కర్ణాటక భక్తులు ఆదోని, ఎమ్మిగనూరు దారులు పట్టి శ్రీశైలం నడిచిపోతారు. భ్రమరాంబను వాళ్లు తమ ఇంటి ఆడపడుచుగా తలచి చీర, పసుపు కుంకుమ తీసుకుపోతారు. దారి పొడుగునా ఊర్లవాళ్లు వాళ్లకు మజ్జిగ, అన్నం పెడతారు.

చాంద్రమానం వల్ల ఉగాది తేదీ ఏటా జరుగుతూ ఉంటుంది. దాని ప్రభావం ఇక్కడ సూటిగా కనిపిస్తుంది. 2026లో ఉగాది మార్చి 19న పడింది. మిరప కోతలు అప్పటికి పూర్తికావు, పదో తరగతి పరీక్షలు నెత్తి మీదుంటాయి. అలాంటి ఏడాది పండుగ ముగియగానే చాలామంది మళ్లీ బస్సెక్కాల్సిందే. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చినందున 2027 ఉగాది ఏప్రిల్ 7న వస్తుంది. కోతలు అయిపోయి, లెక్కలు తేల్చుకుని, పిల్లాజెల్లాతో తీరిగ్గా ఇల్లు చేరే వీలు అలా ఆలస్యంగా వచ్చే ఉగాదులకే ఎక్కువ.