ఒక రాత్రి బస

హైదరాబాదు పాతబస్తీలో మూడు గదుల ఇంట్లో తొమ్మిదిమంది నివసించే కుటుంబం మాది. సెలవులు రాగానే పిల్లలు కొండలు చూపించమని అడుగుతారు. కొండలు దూరమేమీ కాదు. శ్రీశైలం రహదారిన అచ్చంపేట సుమారు 125 కిలోమీటర్లు, నల్లమల ముఖద్వారమైన మన్ననూరు 140. నల్గొండ వైపు నాగార్జునసాగర్ 150. బండి కిరాయి ఎలాగో సర్దుకుంటాం. అన్నం ఇంటినుంచే కట్టుకుపోతాం. మధ్యతరగతి కుటుంబాన్ని గడప దాటనివ్వనిది ఒకే ఒక ప్రశ్న: రాత్రికి ఎక్కడ పడుకోవాలి?

మూడేళ్ళ క్రితం ఆ ప్రశ్నకు సమాధానం వెతుక్కోకుండానే బయలుదేరాం. దారిలో ఆగుతూ ఆగుతూ మన్ననూరు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. వన్యప్రాణులు రోడ్డు దాటే వేళ గనుక తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు ఆ అడవి దారిలో వాహనాలను అనుమతించరు. వెనుదిరిగి ఒక లాడ్జిలో విచారిస్తే గదికి ఇద్దరే అన్నారు. అయిదు గదుల అద్దె మా ఇంటి నెల సరుకులకు సమానం. ఆ రాత్రి బండిలోనే గడిచింది. డెబ్బై ఏళ్ళు దాటిన మా అమ్మీ ఫజ్ర్ వరకు సీటులో కూర్చునే ఉంది. తెల్లవారాక, "ఇక చాలు బేటా, ఇంటికి పోదాం" అంది. మరుసటి ఏడాదికి ఆమె మోకాళ్ళు ప్రయాణానికి ఒప్పుకోలేదు. ముందుగా విచారించని తప్పు నాదే. ఆ తప్పు మరొకరు చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

బాటసారికి చౌకగా పడక సమకూర్చడం ఈ నేలకు కొత్త కాదు. గోల్కొండ నుంచి నల్గొండ సీమ మీదుగా మచిలీపట్నం పోయే పాత బాటలో హయత్‌నగర్ ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరది. అక్కడి మసీదు విశాల ప్రాంగణం చుట్టూ వరుసగా కట్టిన గదులు ప్రయాణికుల కోసమే. గోల్కొండ సమీపంలోని షేక్‌పేట సరాయిలోనూ మనుషులకు గదులు, పశువులకు శాలలు, పక్కనే మసీదు ఉండేవి. రాత్రి తలదాచుకునే చోటు అందరికీ అందాలన్నది ఆనాటి పాలకుల ఆలోచన.

దాని వెనుక ధార్మిక భావన కూడా ఉంది. జకాతు పొందదగిన ఎనిమిది వర్గాలలో దివ్యఖుర్ఆన్ బాటసారిని కూడా చేర్చింది (తౌబా: 60). ఆతిథ్యం మూడు రోజులని చెప్పిన దైవప్రవక్త (సఅసం), ఆతిథ్యమిచ్చేవారిని ఇబ్బంది పెట్టేంతగా అతిథి ఉండిపోరాదనీ హెచ్చరించారు. బాధ్యత ఇరువైపులా ఉందన్నమాట.

పాశ్చాత్య దేశాల అనుభవమూ గమనించదగినదే. 1909లో రిచర్డ్ షిర్మాన్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు విద్యార్థులతో కాలినడకన వెళుతూ గాలివానలో చిక్కుకుని, ఒక పాఠశాల భవనంలో రాత్రి తలదాచుకున్నాడు. సెలవుల్లో ఖాళీగా ఉండే బడులు ప్రయాణించే పిల్లలకు బస కాకూడదా అన్న ఆలోచన ఆ రాత్రే పుట్టింది. యూత్ హాస్టళ్ళకు మూలం అదే. మంచుపై స్కీయింగ్ చేసేందుకు ఆల్ప్స్ పర్వతాలకు వెళ్ళే నగరవాసులు నేటికీ కొండ వసతిగృహాల్లో వరుస పరుపులపై పడుకుంటారు. పక్కమీద పరుచుకునే గుడ్డ ఎవరిది వారే తెచ్చుకుంటారు. సౌకర్యం తగ్గించుకుని ఖర్చు తగ్గించుకోవడమే అక్కడి రహస్యం.

ఇక మన దారులు. సాగర్‌లో పర్యాటక సంస్థ వారి విజయ్ విహార్ ఉంది. 1955లో శంకుస్థాపన జరిగిన ఆనకట్ట కోసం వెలసిన హిల్ కాలనీలో సాధారణ లాడ్జీలూ దొరుకుతాయి. కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున సోమశిలలో కాటేజీలున్నాయి. మన్ననూరులో అటవీశాఖ మట్టి ఇళ్ళు, చెట్టుపై గదులు కట్టి, ఫరహాబాద్ వైపు సఫారీతో కలిపి అద్దెకిస్తోంది. జంటకు అది ముచ్చటైన బస. తొమ్మిదిమందికి మాత్రం భారం. పెద్ద కుటుంబాలు అచ్చంపేటలోనో దేవరకొండలోనో బస చేసి, తెల్లవారుజామున బయలుదేరడం మేలు. అచ్చంపేట నుంచి మన్ననూరు ఇరవై కిలోమీటర్ల లోపే. జూలై నుంచి సెప్టెంబరు వరకు పులుల అభయారణ్యంలో సఫారీ ఉండదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం.

ఫోనులోనే అయిదు సంగతులు తేల్చుకోవాలి. గదికి ఎంతమందిని అనుమతిస్తారు? అదనపు పరుపుకు ఎంత? పిల్లలకు విడిగా లెక్క కడతారా? స్త్రీలకు మరుగుదొడ్డి గదిలోనే ఉందా? తెచ్చుకున్న అన్నం గదిలో తినవచ్చా? శని, ఆదివారాలకు బదులు ఆది, సోమవారాలు ఎంచుకుంటే అద్దె తగ్గే అవకాశం ఉంది. రెండు కుటుంబాలు కలిసి వెళితే ఒక గది స్త్రీలకు, ఒక గది పురుషులకు సరిపోతుంది. దుప్పట్లు, జానమాజులు, వుజూకు ఒక చెంబు వెంట ఉంచుకోండి. అచ్చంపేట చేరేసరికి మనం షరీఅత్ దృష్టిలోనూ ముసాఫిర్లమే. నమాజులో ఖస్ర్ సౌలభ్యం ఉంది.

మరొక మాట. ఆ అడవి చెంచుల ఇల్లు, పులుల ఇల్లు. మనం అక్కడ అతిథులం. ప్లాస్టిక్ సంచులు, ఎముకలు, మిగిలిన బిర్యానీ అక్కడ పారేసి రావడం అతిథి లక్షణం కాదు. తెచ్చినది తిరిగి తీసుకుపోవాలి.

చివరగా అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండలలోని సోదరులకు ఒక మనవి. పాలమూరు వలసల సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. కొడుకులు నగరానికో గల్ఫ్‌కో వెళ్ళగా తాళం వేసిన మేడ గదులు మీ వీధుల్లో ఎన్నో ఉంటాయి. వాటిలో ఒకదానిని శుభ్రం చేసి, నాలుగు పరుపులు, ఒక స్నానాల గది అమర్చి, గుర్తింపు కార్డులు చూసి, న్యాయమైన అద్దెకు ఇవ్వండి. ఇంట్లో మిగిలిన పెద్దలకు కాస్త రాబడి, కాస్త పలకరింపు. నగరపు ఇరుకు ఇళ్ళలోని తల్లులకు, పిల్లలకు ఒక రాత్రి చల్లగాలి. మసీదు కమిటీలు అలాంటి ఇళ్ళ జాబితా ఒకటి ఉంచినా చాలు.

నిరుడు చలికాలంలో ముందే మాట్లాడుకుని, రెండే గదులు తీసుకుని మళ్ళీ వెళ్ళాం. ఫరహాబాద్ కొండ అంచున నిలబడి పిల్లలు అమ్మీకి వీడియో కాల్ చేయబోతే సిగ్నల్ అందలేదు. ఇంటికొచ్చాక ఫొటోలు చూపించారు. ఆమె ఒక్కొక్కటే చాలాసేపు చూసి, "రాత్రి ఎక్కడ పడుకున్నారు?" అని అడిగింది. మీ ఇంట్లో కూడా కొండలు చూడాలనుకునే పెద్దవారుంటే, వారి మోకాళ్ళు సహకరిస్తున్నప్పుడే ఆ ఫోను చేయండి.