తుపాను వార్తలో వేగపు లెక్క

బంగాళాఖాతములో వాయుగుండము బలపడినదని హెచ్చరిక వెలువడిన దినమున తీరవాసుల చెవులన్నియు రేడియోవైపే ఉండును. మేము చదువు అంకెను విని, పడవను ఒడ్డునకు లాగవలెనా, ఇల్లు విడిచి పోవలెనా అని శ్రోతలు నిర్ణయించుకొందురు. అయితే అంకె ఒక్కటియే చాలదు. దాని వెంట వచ్చు కొలమానమును గూడ శ్రద్ధతో వినవలెను.

నావికులును వాతావరణ శాస్త్రజ్ఞులును గాలి వేగమును నాట్లలో చెప్పుదురు. నాట్లనగానే మన రైతులకు వరినాట్లు స్ఫురించును గాని యివి వేరు. నాట్ అను ఇంగ్లీషు మాటకు ముడి అని అర్థము. పూర్వము నావికులు ముడులు వేసిన త్రాటిని ఓడ వెనుక సముద్రములోనికి విడిచి, ఇసుక గడియారము ఖాళీ యగులోపల ఎన్ని ముడులు చేజారినవో లెక్కించి ఓడ వేగమును తెలిసికొనెడివారు. ఆ పేరే నిలిచిపోయినది.

గంటకు ఒక నాటికల్ మైలు పోవు వేగమే ఒక నాట్. నాటికల్ మైలునకు 1,852 మీటర్లని 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశము నిర్ణయించినది. కావున ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లకు సమానము. నేలమీది మైలు ఇంతకంటె చిన్నది. అది సుమారు 1,609 మీటర్లు. ఇక సెకనుకు ఇన్ని మీటర్లని చెప్పినచో, ఆ సంఖ్యను 3.6తో గుణించిన గంటకు కిలోమీటర్లు వచ్చును. సెకనుకు 20 మీటర్లనగా గంటకు 72 కిలోమీటర్లు.

60 నాట్ల గాలిని ఎవరైన 60 కిలోమీటర్లని పొరబడిరనుకొందము. నిజమునకు ఆ గాలి గంటకు 111 కిలోమీటర్లు. భారత వాతావరణ శాఖ వర్గీకరణములో మొదటిది తీవ్ర తుపాను. రెండవది తుపాను స్థాయికైనను రాని తీవ్ర వాయుగుండము. పైగా గాలి త్రోపు వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. కావున ఇంటి కప్పుపై పడు ఒత్తిడి, మనము అనుకొన్నదానికి మూడు రెట్లు మించి యుండును. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ గాలుల వేగము గంటకు సుమారు 180 కిలోమీటర్లు. నాట్లలో చెప్పినచో అది 97 మాత్రమే. అంకె చిన్నదైనంతమాత్రమున గాలి తగ్గదు గదా!

తుపానులో వీచు గాలి వేగము వేరు, తుపాను కదలు వేగము వేరు. 300 కిలోమీటర్ల దూరముననున్న తుపాను గంటకు 15 కిలోమీటర్ల చొప్పున కదలినచో దాని కేంద్రము తీరము చేరుటకు 20 గంటలు పట్టును. అదే 15 నాట్లయినచో 11 గంటలైనను పట్టదు. పెనుగాలులు కేంద్రముకంటె ముందే వచ్చును. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన తీరమునకు ఈ గంటల విలువ మేము చెప్పనక్కరలేదు.

నోటిలెక్కకు ఒక సులభమార్గము కలదు. నాట్లను రెట్టింపు చేసినచో ఇంచుమించు కిలోమీటర్లు వచ్చును. ఈ లెక్క అసలు వేగముకంటె కొంచెము హెచ్చుగనే చూపును. తుపాను దినములలో అట్టి హెచ్చు వలన కీడు లేదు. తక్కువగా తలచుటయే ప్రమాదము. అంకెతోపాటు కొలమానమును విస్పష్టముగా చదువుట మా విధి. దానిని పొరుగువారికి చెప్పునపుడు రెంటిని కలిపియే చెప్పుడని శ్రోతలకు మా మనవి.