అద్దం మెదడులోనే ఉందా?

వంటింట్లో కూరగాయలు తరుగుతున్న తల్లి వేలు తెగుతుంది. పక్కనే ఉన్న పాప గబుక్కున తన వేలిని గుప్పిట్లో దాచుకుంటుంది. గాయం ఒకరిది, ఉలికిపాటు మరొకరిది. ఇలా ఎందుకు జరుగుతుంది?

1990వ దశకం ఆరంభంలో ఇటలీలోని పార్మా విశ్వవిద్యాలయంలో జాకొమో రిజొలాటి బృందం కోతుల మెదడును పరిశీలిస్తూ ఉండేది. చేతి కదలికలను నడిపించే భాగంలో సన్నని ఎలక్ట్రోడులు అమర్చారు. కోతి ఒక వస్తువును అందుకున్నప్పుడు అక్కడి కొన్ని నాడీకణాలు స్పందించేవి. పరిశోధకుడు ఆ వస్తువును అందుకోవడాన్ని కోతి కదలకుండా చూసినప్పుడు కూడా వాటిలో కొన్ని స్పందించడం వారిని ఆశ్చర్యపరిచింది. 1992లో ఈ విషయం ప్రకటితమైంది. తరువాత వీటికి 'దర్పణ నాడీకణాలు' అనే పేరు స్థిరపడింది. మూర్ఛవ్యాధి చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడులు అమర్చుకున్న రోగులలోనూ ఇటువంటి కణాలు ఉన్నట్లు 2010లో వెల్లడైంది.

అనుకరణకూ సానుభూతికీ మూలం ఇవేనని చాలామంది భావించారు. అయితే అంత తొందరపాటు తగదు. ఈ కణాలున్న కోతులు, సామెతలు ఎలా చెప్పినా, అనుకరణలో మనిషికి ఏమాత్రం సాటిరావు. కనుక కణాలు ఉన్నంత మాత్రాన నేర్పు రాదు. అభ్యాసానికీ ఇందులో పాత్ర ఉంది. నాట్యకారుల మెదళ్లను స్కానింగ్ ద్వారా పరీక్షించగా, తాము నేర్చిన నృత్యాన్ని చూసినప్పుడే వారి మెదడు ఎక్కువగా స్పందించింది.

సానుభూతి విషయంలో 2004లో లండన్‌లో టానియా సింగర్ బృందం జరిపిన ప్రయోగం ప్రసిద్ధం. తమ చేతికి నొప్పి కలిగినప్పుడూ, తమ జీవిత సహచరుని చేతికి కలిగినప్పుడూ స్త్రీల మెదడులో వేదనకు సంబంధించిన కొన్ని భాగాలు ఒకే తీరున చైతన్యవంతమయ్యాయి. నొప్పి ఎక్కడ, ఎంత అని గుర్తించే భాగాలు మాత్రం సొంత నొప్పికే స్పందించాయి. అంటే ఎదుటివారి వేదనలో మనం పాలుపంచుకుంటాము గాని వారి గాయాన్ని మోయము. అయితే స్కానింగ్ విడివిడి కణాలను చూపలేదు గనుక, ఇది దర్పణ కణాల పనేనని దీనినిబట్టి తీర్మానించలేము.

తల్లిదండ్రులు గ్రహించవలసింది ఇక్కడే ఉంది. పిల్లలు మన మాటలను వినడమే కాదు, మన చేతలను అనుదినం గమనిస్తూ ఉంటారు. "అరవకు" అని అరిచి చెబితే వారు నేర్చేది అరుపునే. ఇతరుల బాధకు ఉలిక్కిపడటం మెదడుకు సహజమే కావచ్చు. కాని వేలు దాచుకున్న ఆ పాప లేచి వెళ్లి పసుపు తెచ్చి తల్లి గాయానికి అద్దాలంటే, అలా అద్దే చేతులను ఆమె మన ఇంట్లో చూసి ఉండాలి.