కొద్దిపాటి నేల – దూరపు పిలుపు

మీ ఇంటిలోని ట్రాన్సిస్టరు రేడియోను పగటివేళ మీడియం వేవ్ కేంద్రమునకు కుదిర్చి, సెట్టును మెల్లగా ఒక చుట్టు త్రిప్పి చూడుడు. ఒకచో మాట స్పష్టముగా వినవచ్చును. మరికొంత త్రిప్పగనే సన్నగిల్లును. లోపలనున్న ఫెరైటు కడ్డీ ఏరియల్ అన్ని దిక్కులను సమానముగా వినకపోవుటయే దీనికి కారణము. కడ్డీ కొనలు చూపు దిక్కున అది దాదాపు చెవిటిది. ఈ చెవిటితనమును లోపముగా గాక గుణముగా వాడుకొను విద్యను గూర్చియే ఈ ప్రసంగము.

మీడియం వేవ్‌కు కొంచెము పైగా 1.8 మెగాహెర్ట్జ్ వద్ద 160 మీటర్ల బ్యాండును, 3.5 మెగాహెర్ట్జ్ వద్ద 80 మీటర్ల బ్యాండును ఉన్నవి. లైసెన్సు పొందిన ఔత్సాహికులు, అనగా హామ్‌లు, చీకటి పడిన పిమ్మట వీనిపై ఖండాంతరముల వారితో సంభాషింతురు. కాని ఎక్కడి ఉరుముల రొదయైనను ఈ బ్యాండ్లపై వచ్చి చేరును. దానికి తోడు ఇంటింటి ఎల్.ఇ.డి. దీపములు, చార్జర్లు, సౌరవిద్యుత్ ఇన్వర్టర్లు తమ గరగరను కలుపును. మనము పంపిన పిలుపు ఆవలివారికి అందును. వారి బదులు మాత్రము మన రొదలో మునిగిపోవును. పిలిచి బదులు వినలేకపోవుటకంటె హామ్‌నకు వేరు చింత లేదు. అపుడు పలువురు, “మాకు స్థలము చాలదు” అని ఆ బ్యాండ్లనే విడిచిపెట్టుదురు. అట్లు విడువనక్కరలేదు.

ప్రసారమునకు కావలసిన ఏరియల్ వేరు, వినుటకు కావలసిన ఏరియల్ వేరు. ప్రసారపు ఏరియల్ శక్తిని వృథా చేయరాదు. వినెడి ఏరియల్ కొంత వృథా చేసినను నష్టము లేదు. తగ్గిన దానిని ఆంప్లిఫయరు పెంచగలదు. రొదతో పోల్చినపుడు మాట ఎంత పైకి నిలిచినదన్నదే ముఖ్యము. కావున ఎంత పట్టుచున్నదని గాక, ఏ దిక్కు రొదను విడిచిపెట్టుచున్నదని చూచి ఏరియల్‌ను ఎన్నుకొనవలెను.

పొడవైన నేల కలవారికి బెవరేజ్ ఏరియల్ ఉత్తమము. హెరాల్డ్ బెవరేజ్ అను అమెరికా ఇంజనీరు దీనిని కనుగొనెను. 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ స్కాట్లండులోని ఆర్డ్రోసన్ సముద్రతీరమున గుడారము వేసికొని, సుమారు 400 మీటర్ల అట్టి తీగతో అట్లాంటికు ఆవలి అమెరికను ఔత్సాహికుల సంకేతములను వినెను. ఈ తీగను రెండు మూడు మీటర్ల యెత్తున తిన్నగా సాగదీసి, కొసను రెసిస్టరు ద్వారా భూమికి కలుపుదురు. నేల వాలుగానున్నను చింత లేదు. తీగ నేలతో సమానమైన ఎత్తున సాగిపోయిన చాలును. చిక్కు పొడవుతోనే. 160 మీటర్ల బ్యాండునకు కనీసము ఒక తరంగదైర్ఘ్యము, అనగా 160 మీటర్లు, ఉండుట మేలు.

అంత నేల లేనివారికి తీగచట్రములు కలవు. కె9ఏవై లూపునకు సుమారు ఏడున్నర మీటర్ల స్తంభమొకటి, ఇరువదియారు మీటర్ల తీగ చాలును. ఒకే స్తంభముపై రెండు లూపులను అడ్డముగా నిలిపి, స్విచ్చితో నాలుగు దిక్కులను మార్చి వినవచ్చును. అయితే దీనికి మంచి భూసంధానము కావలెను. కొండవాలున రాతినేలలో ఎర్తు కడ్డీ దిగనిచోట ఇది చిక్కు పెట్టును.

అట్టి వారికి ఫ్లాగ్ ఏరియల్ తగినది. ఇది భూమితో పనిలేని దీర్ఘచతురస్రపు తీగ. పొడవు సుమారు తొమ్మిది మీటర్లు, ఎత్తు నాలుగు మీటర్లకు కొంచెము పైన. ఒక నిలువు భుజము నడుమ సుమారు 950 ఓముల రెసిస్టరును, ఎదుటి భుజము నడుమ ట్రాన్స్‌ఫార్మరు ద్వారా కేబిలును కలుపుదురు. ఈ తీగ ఏకకాలమున లూపువలెను, నిలువు ఏరియల్‌వలెను పనిచేయును. ఆ రెండు ప్రవాహములు కేబిలు వైపునుండి వచ్చు అలకు కూడుకొనును. రెసిస్టరు వైపునుండి వచ్చు అలకు ఒకదానినొకటి కొట్టివేయును. బెవరేజ్ ఏరియల్ రెసిస్టరున్న దిక్కును వినును. ఇది దానికి ఎదురు దిక్కును వినును. ఈ భేదము మరచిన యెడల దక్షిణమునకు పెట్టి ఉత్తరము విందురు.

మేడపై చదరపు గజములు మాత్రమే కలవారు ఒక మీటరు వ్యాసము గల లూపును చేతితో త్రిప్పుకొనవచ్చును. మీ ట్రాన్సిస్టరు చేసిన పనినే అది చేయును. పొరుగింటి రొద దానికి కనబడని దిక్కున పడునట్లు నిలుపుటయే నేర్పు.

ఇక దిక్కు. తెలుగునేలనుండి యూరప్ వాయవ్యమున ఉన్నది. ఇండోనేషియా ప్రాంతపు మెరుపుల రొద ఆగ్నేయమునుండి వచ్చును. ఫ్లాగునందు కేబిలును వాయవ్యమునకు, రెసిస్టరును ఆగ్నేయమునకు పెట్టినచో, ఒక దిక్కు మాటను వినుచు ఎదుటి దిక్కు రొదను త్రోసివేయవచ్చును.

ఏరియల్‌ను ఇంటి విద్యుత్ తీగలకును, ప్రసారపు ఏరియల్‌కును వీలైనంత దూరముగా నిలుపవలెను. కేబిలే రొదను మోసికొని రాకుండ ఫెరైటు చుట్టలో దానిని పలుమార్లు చుట్టవలెను. చిన్న లూపునుండి వచ్చు శక్తి పెద్ద ఏరియల్ శక్తిలో వెయ్యవ వంతు కావచ్చును, దానికి బెదరకుడు. కేబిలు తగిలించగనే సెట్టులో గరగర పెరిగినచో ఏరియల్ చాలినట్లే. పెరుగనిచో ముందు ఒక ఆంప్లిఫయరు కావలెను. ఉరుముల వేళ కేబిలును సెట్టునుండి ఊడదీయుట మరువరాదు.

నేల ఎంత యున్నదని కొలుచుటకు ముందు, రొద ఏ దిక్కునుండి వచ్చుచున్నదో ఒక రాత్రి విని చూడుడు. ఏ ఏరియల్ కావలెనో ఆ రాత్రియే తెలుపును.