ముందు ఒక్క లైటు

పెళ్లి మండపాలకు లైట్లు కట్టే కుర్రాళ్లు నా దగ్గర పని నేర్చుకోవడానికి వస్తే, మొదట ల్యాప్‌టాప్ తెరవనివ్వను. ఎల్‌ఈడీ పార్ లైటు వెనకుండే చిన్న తెరలో అడ్రసు 1 పెట్టమంటాను. లైటింగ్ బోర్డు మీద మొదటి ఫేడరు పైకి జరిపితే లైటు స్పందించాలి. అది కళ్లారా చూశాకే తర్వాతి మాట.

అమెరికాలో 1986లో రూపుదిద్దుకున్న డీఎంఎక్స్ 512 అనే, లైట్లను నడిపే పద్ధతి ఇది. ఒక కేబులులో 512 చానళ్లు, ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా విలువ. ఆ మొత్తాన్ని యూనివర్స్ అంటారు. 16 చానళ్లు తినే మూవింగ్ హెడ్‌లు 32 పెడితే అది నిండిపోతుంది. పెద్ద స్టేజీకి అది ఏ మూలకు? అక్కడే ఆర్ట్‌నెట్ పనికొస్తుంది. మామూలు నెట్‌వర్క్ కేబులు ఒక్కటే ఎన్నో యూనివర్స్‌లను మోస్తుంది. స్టేజీ దగ్గర నోడ్ అనే పెట్టె వాటిని మళ్లీ డీఎంఎక్స్‌గా మారుస్తుంది.

పిల్లలు తడబడేది నెట్‌వర్క్ అడ్రసుల దగ్గరే. ల్యాప్‌టాప్‌కు 2.0.0.10, నోడ్‌కు 2.0.0.20, రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ 255.0.0.0. వైఫై ఆపేయాలి. ఆర్ట్‌నెట్ అవతల అందిందా అని అడగదు, విలువలు పంపుతూనే ఉంటుంది. ఒకటి దారిలో పోయినా వెంటనే మరొకటి వస్తుంది. లైటుకు పాత విలువతో పనిలేదు. ఎంత చక్కటి ఆలోచనో!

ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తబడను. డీఎంఎక్స్‌లో పొరపాటును పసిగట్టే ఏర్పాటు లేదు. బాణసంచా లాంటి ప్రమాదకరమైన వాటికి వాడొద్దని ఆ ప్రమాణమే చెబుతుంది. బాణసంచా పేల్చే పెట్టెను ఎవరైనా నోడ్‌కు తగిలిస్తే, వైరు అక్కడికక్కడే పీకేస్తాను.