పసికందు పాలు మానేస్తే చిల్లా అయ్యేదాకా ఆగొద్దు

అర్ధవీడు: బిడ్డ పుట్టి పది రోజులే. పాలు పట్టడం లేదు, ఒళ్లు చల్లబడింది. "చిల్లాలో ఉన్న బిడ్డను బయటికెలా తీస్తాం?" అని ఇంట్లో పెద్దలు వెనకాడతారు. ఆ ఆలస్యమే ప్రాణం మీదికి తెస్తుంది.

బ్యాక్టీరియా రక్తంలో చేరి ఒళ్లంతా విషమించడాన్నే సెప్సిస్ అంటారు. మన దేశంలో పసికందులకు ఎక్కువగా సోకేవి క్లెబ్సియెల్లా, ఈ.కోలి, అసినెటోబ్యాక్టర్. ఎలిజబెత్‌కింగియా లాంటివి అరుదు. 1959లో అమెరికా శాస్త్రవేత్త ఎలిజబెత్ కింగ్ దీని గురించి రాశారు. నీళ్లలో, ఆసుపత్రి సింకుల్లో బతికే ఈ క్రిమి చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగదు. అందుకే డాక్టర్లు ముందు రక్తం తీసి కల్చర్ పరీక్షకు పంపుతారు. ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుందో అందులో తేలుతుంది. రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు.

గుర్తులు ఇవీ: పాలు తాగకపోవడం, మగత, జ్వరం లేదా ఒళ్లు చల్లబడడం, నిమిషానికి 60 లేదా అంతకు మించి శ్వాసలు, డొక్కలెగరేయడం, ఫిట్స్. ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. సర్కారు ఆసుపత్రిలో పసికందుకు వైద్యం ఉచితం.

బొడ్డుకు ఏమీ పూయొద్దు. తహ్నీక్ చేసేవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఏడాదిలోపు బిడ్డకు తేనె వద్దు.

చిల్లా మన రివాజు. బిడ్డ ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్.