మోసపోయిన కిడ్నీ, మంచం పక్కన నర్సు

హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో ఉన్న తండ్రికి నర్సు రోజూ పొద్దున్నే బరువు చూస్తోందని, ఇంటికెళ్లాక కూడా చూసుకోమంటోందని ఒక పాఠకురాలు రాశారు. గుండెకీ బరువుకీ ఏమిటి సంబంధమని ఆమె ప్రశ్న. ఆ సంబంధం కిడ్నీలో ఉంది.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, ఒంటికి కావలసినంత రక్తం పంపలేకపోవడం. అసలు కథ ఆ తర్వాతిది. గుండె నీరసిస్తే కిడ్నీకి చేరే రక్తం తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో కిడ్నీకి తెలియదు. గాయమై రక్తం కారిపోయినా దానికి అందే కబురు ఇదే. అందుకని రక్తం పోయిందనే అనుకుని రెనిన్ అనే ఎంజైమును వదులుతుంది. దాంతో యాంజియోటెన్సిన్ తయారై రక్తనాళాలను బిగిస్తుంది, అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టెరోన్ అనే హార్మోను విడుదల చేయిస్తుంది. అప్పుడు కిడ్నీ మూత్రంలో పోవలసిన ఉప్పును వెనక్కి లాక్కుంటుంది. ఉప్పు వెంటే నీరు! గాయపడ్డవాడి ప్రాణం నిలబెట్టే ఈ ఏర్పాటే అలసిన గుండె మీద ఇంకా భారం మోపుతుంది. ఆ నీరు పాదాల్లోకి, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

ఈ లంకె మహామహులకే అందలేదు. 1785లో ఇంగ్లండు వైద్యుడు విలియం విథరింగ్ ఒళ్లు నీరుపట్టినవాళ్లకి ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఆకు ఇచ్చి వాపు తగ్గించాడు. అది గుండె మీద పనిచేయడం గమనించి రాశాడు కూడా. అయినా దాన్ని మూత్రం జారీచేసే మందుగానే లెక్కవేశాడు. రెనిన్ బయటపడేసరికి 1898 వచ్చింది.

లీటరు నీరంటే కిలో బరువు. ఆసుపత్రి పాలయ్యే హార్ట్ ఫెయిల్యూర్ రోగుల బరువు కనీసం వారం ముందే పెరుగుతుందని 2007లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఆయాసం కంటే ముందే బరువు మిషన్ చెప్పేస్తుంది! 3 రోజుల్లో 2 కిలోలు దాటి పెరిగితే డాక్టరుకు ఫోన్ చేయాలి.

మంచి నర్సు ఈ మాట చెప్పి ఊరుకోదు, తిరిగి చెప్పించుకుంటుంది.

"తాతగారూ, సోమవారం 60 కిలోలున్నారు. గురువారం చూస్తే 62న్నర. ఏం చేస్తారు?"

"ఒక పూట అన్నం మానేస్తానమ్మా."

పెరిగింది కొవ్వు కాదు, నీరని ఆమె మళ్లీ మొదలుపెడుతుంది. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు తూచుకోమంటుంది. ఇంటినుంచి వచ్చిన క్యారేజీలో ఆవకాయ ఉందేమో చూస్తుంది.

1995లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 70 ఏళ్లు దాటిన 282 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల మీద వైద్యుడు మైకేల్ రిచ్ బృందం చేసిన పరీక్షలో నర్సుల బోధన, ఆహార సలహా, మందుల సమీక్ష, ఇంటికెళ్లాక ఆరా కలిసి 90 రోజుల్లో హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్లీ చేరికలను 56 శాతం తగ్గించాయి. 2005లో మిషిగన్‌లో డిశ్చార్జి వేళ నర్సు ఒక్క గంట కూర్చుని నేర్పితే, ఆరు నెలల్లో మళ్లీ చేరడమో చనిపోవడమో జరిగే ముప్పు 35 శాతం తగ్గింది. ఒక్క గంట! బిల్లు కట్టి ఆటో మాట్లాడే హడావిడిలో చేతిలో పెట్టే కాగితం దానికెలా సాటి వస్తుంది? వార్డులో నర్సుకి ఆ గంట దొరకనివ్వకపోవడం దారుణం.

పాఠకురాలి నాన్నగారికి ఇంట్లో ఒక బరువు మిషన్ కావాలి. పక్కన గోడకి క్యాలెండరు, దానికి దారంతో కట్టిన పెన్ను.